నాస్తా తర్వాత ఒక మాత్ర

భిలాయి, సెక్టర్ 4
జూలై 9

మణీ,

నీ చెవి మిషను ఇంకా ఈల వేస్తూనే ఉందా? ఫోన్ చేస్తే నీ గొంతుకన్నా ఆ ఈలే నాకు ఎక్కువ వినిపిస్తోంది. అందుకే మళ్ళీ కాగితం పట్టాను. మీ శ్రీవిద్య వాట్సాప్‌లో రాయమంటుంది గాని, నేనొక అక్షరం నొక్కితే అది మరొకటి వేస్తుంది. ఇన్నేళ్ళు టీచరుగా పిల్లల తప్పులు దిద్దినదాన్ని, ఈ వయసులో ఫోను నా తప్పులు దిద్దుతుంటే ఊరుకోను.

ఇక్కడ వానలు ఊపందుకున్నాయి. క్వార్టరు వెనక గోడ నానిపోయింది, జామచెట్టు మాత్రం విరగకాసింది. మీ బావగారు రైల్ మిల్లు నుంచి రిటైరై ఇన్నేళ్ళయినా ఫస్ట్ షిఫ్టు వేళకే లేచి, టీ పెట్టమన్నట్టు వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తారు. నేను లేవను. చివరికి ఆయనే పెట్టుకుంటారు.

అడక్కముందే చెబుతున్నాను, నా ఒంట్లో బాగానే ఉంది. మొన్న జన్యుపరీక్షకు రక్తం ఇచ్చాను, రిపోర్టు వచ్చింది, అంతా మామూలే. నిన్న కాలనీలో ఒకావిడ నన్ను చూసి, "పాపం, ఎలా ఉన్నారో" అంటూ పక్కావిడతో గొణిగింది. "నాకొచ్చింది లుకేమియా, నోరు పడిపోలేదు. ఎలా ఉన్నానో నన్నే అడగండి" అన్నాను. ఆవిడ ఇక కొన్నాళ్ళు ఈ వీధిలోకి రాదులే.

శనివారాలు సాగుతున్నాయి. నిరుడు ఉగాదికి ముందు రిపోర్టులో ఆ పాడు జన్యువు 'కనిపించలేదు' అని వచ్చిన రోజున వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను కదా, బతికినన్నాళ్ళూ శనివారం ఉపవాసం అని. సాయంత్రం దీపం పెట్టేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టను. ఈ ఏడు హనుమంతుడికని మంగళవారాలు కూడా కలిపాను. పోయిన కార్తీకమైతే నెలంతా పగలు తినకుండా నక్తాలున్నాను. నన్ను రోగిష్టిది అన్నవాళ్ళెవరైనా ఒక్క రోజు అలా ఉండి చూపించమను.

నీ మోకాళ్ళ సంగతి రాయి.

అక్క,
అహల్య


విజయనగరం
జూలై 18

అక్కా,

మామూలే అంటే ఏమిటి?

నీ ఉత్తరం చదివి మడత పెట్టేలోగా బావగారి ఫోను. నాకు వినపడదని శ్రీవిద్య తీసుకుంది. ఆయన కేకలకు ఎదురింటివాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చారట. "అమ్మా సిరివిద్యా, మీ పెద్దమ్మకి రక్తంలో లెక్క పెరిగిపోనాదే. ఎవులికీ సెప్పొద్దంటంది. మీ అమ్మ రాస్తే ఇంటాది, రాయమను" అన్నారట. శ్రీవిద్య అది కాగితం మీద రాసి నాకు చూపించింది. చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది.

ఈ జబ్బు సంగతులు నాకు నేర్పింది నువ్వే. ఆరేళ్ళ కిందట బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు రాశావు. రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకుని తప్పుగా అతుక్కున్నాయి, ఆ అతుకు దగ్గర పుట్టిన జన్యువు తెల్లకణాలను అదుపు లేకుండా పెంచేస్తుంది, రోజూ వేసుకునే మాత్ర దాన్ని నొక్కిపెడుతుంది అని. నొక్కుడు సడలిందో లేదో మామూలు రక్తపరీక్షలో ముందుగా తెలియదు, జన్యుపరీక్షే పసిగడుతుంది అని కూడా నువ్వే రాశావు. అంత తెలిసినదానివి, అదే పరీక్షలో లెక్క పెరిగితే నాకు మామూలే అని రాస్తావా?

రైల్వే బుకింగ్ కౌంటర్లో కూర్చుని నేను వినని అబద్ధం లేదు. మీసాలొచ్చినవాణ్ణి చూపించి వీడికి సగం టికెట్టే అన్న తల్లులను చూశాను. వాళ్ళు నీకన్నా బాగా ఆడేవారు. ఉన్నదున్నట్టు రాయి. రాయకపోతే నేనే రైలెక్కి వస్తాను, ఈలతో సహా.

మణిమాల


భిలాయి, సెక్టర్ 4
జూలై 27

మణీ,

మీ బావగారితో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకు అదేమీ శిక్షలా లేదు, హాయిగా పేపరు చదువుకున్నారు. అందుకని మళ్ళీ మొదలుపెట్టాను.

ఉన్నదున్నట్టు కావాలన్నావు, విను. సంక్రాంతి వెళ్ళాక చేసిన పరీక్షలో ఆ జన్యువు మళ్ళీ కాస్త కనిపించింది. చూద్దాం అన్నారు. వేసవిలో ఇంకాస్త. ఈసారి గీత దాటేసింది. ఆ గీతకు లోపల ఉన్నంతకాలం భయం లేదు, దాటితే మందు పట్టు తప్పుతున్నట్టు లెక్క. ఒంటికి ఏమీ తెలియడం లేదు. జ్వరం లేదు, నీరసం లేదు. ఆ కాగితం ఒక్కటే చెబుతోంది నాకు బాగాలేదని.

మా పక్కనున్న సుపేలా నుంచి బస్సులో రాయపూర్ వెళ్ళాం, రక్తం డాక్టరు చంద్రాకర్ గారి దగ్గరికి. ఆయన నా మొహం చూడలేదు, కాగితం చూశాడు. "అమ్మాజీ, దవాయీ ఛూట్ తో నహీ రహీ?" అన్నాడు. ఒక్క రోజు కూడా మానలేదన్నాను. "సచ్ బోలియే" అన్నాడు. నిజం చెప్పమనడం! వరండాలో జనమంతా వింటున్నారు. నేను వాడి వయసు పిల్లలకు ఎక్కాలు నేర్పాను. నాకు నిజం చెప్పమని ఎవడూ చెప్పనక్కరలేదు.

అబద్ధం కాకపోతే ఆ జన్యువే రూపం మార్చుకుని ఉండాలట. అలా మారితే ఈ మాత్ర దానికి అంటదు. ఎక్కడ మారిందో వెతకడానికి మరో రకం జన్యుపరీక్ష ఉంది, మ్యుటేషన్ పరీక్ష. రక్తం సుపేలాలో తీస్తారు, హైదరాబాద్ పంపుతారు. మారిందని తేలితే ఇంకా బలమైన మందు, దాంతో గుండె మీద కన్నేసి ఉండాలట. నేను ఇవ్వనన్నాను.

ఎందుకంటావా? ఆ రోజు నుంచి మీ బావగారు పొద్దున్నే స్టూలు వేసుకుని నా ఎదురుగా కూర్చుంటున్నారు. నేను మాత్ర మింగితే, "ఏటే, మింగీసావా? నోరు తెరువు ఓపాలి" అంటారు. నా చేత నోరు తెరిపిస్తున్నారు మణీ, చిన్నపిల్లలా! నేను అరిస్తే ఆయన మెల్లగా అంటారు, "పట్టా పైకి నున్నగానే ఉంటాదే. లోన పగులుందో లేదో మిషను పెడితేనే తెలుస్తాది. నీమీద అనుమానం కాదు, పరీచ్ఛ సేయించుకో." జీవితమంతా రైలు పట్టాలు పరీక్షించిన మనిషి, పెళ్ళాన్ని కూడా పట్టా అనుకుంటున్నారు.

నేను అబద్ధాలకోరునో కాదో తేల్చడానికి నా రక్తం ఇవ్వను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఆ డాక్టరు నా ఎదుట తప్పయిందని ఒక్క మాట అనాలి, అప్పుడు చేయి చాపుతాను.

నిన్న శనివారం. కడుపులో ఏమీ లేకపోయినా కోపం నిండుగా ఉంది.

అహల్య


విజయనగరం
ఆగస్టు 4

అక్కా,

నువ్వు అబద్ధం ఆడలేదు. నేను నమ్ముతున్నాను, పూర్తిగా. చిన్నప్పుడు నాన్నగారి కళ్ళజోడు విరగ్గొట్టి అర్ధరూపాయి కోసం వెతుక్కుంటున్నట్టు నిలబడింది నేను. నేనే విరగ్గొట్టానని చెప్పి దెబ్బలు తిన్నది నువ్వు. నువ్వు అబద్ధమాడినా నా కోసమే ఆడతావు గాని నీకోసం ఆడవు.

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకదాంట్లో ఉపవాసాలు, ఒకదాంట్లో మాత్రలు. రెండూ నీ చేతిరాతే, రెండూ నిజమే. అందుకే ఒక్కటే అడుగుతాను, కోప్పడకు.

శనివారం నాడు మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు?

మణిమాల


భిలాయి
ఆగస్టు 11

మణిమాలకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు కూడా ఆ స్టూలు మీద కూర్చున్నావన్నమాట. దీనికి జవాబు రాయను.

అహల్య


భిలాయి, సెక్టర్ 4
ఆగస్టు 13

మణీ,

రాయనన్నాను. రాస్తున్నాను.

మొన్నటి కాగితం పోస్టులో వేసి వచ్చి, నిన్నంతా నిన్ను తిడుతూ ఇల్లంతా దులిపాను. దులుపుతుంటే అటక మీద బిస్కెట్ల డబ్బా చేతికి తగిలింది. లాక్‌డౌన్లో మందులు రాక ఇబ్బంది పడ్డాం కదా, అప్పటి నుంచి మిగిలిన మాత్రలు అందులో వేసుకోవడం అలవాటు. మూత తీశాను. మూత పట్టనంత నిండుగా ఉంది.

నెలకు సరిపడా మాత్రలే ఇస్తారు మణీ. మరి మిగిలినవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ డబ్బా ముందు అలాగే కూలబడ్డాను.

మొట్టమొదటి రోజున చంద్రాకర్ గారు ఖాళీ కడుపుతో వేసుకోవద్దని గట్టిగా చెప్పాడు. కడుపునిండా తిని, పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగాలన్నాడు. చీటీ మీద కూడా రాశాడు, నాస్తా తర్వాత ఒక మాత్ర అని. ఓసారి తినకుండా వేసుకుంటే పేగులు బయటికొచ్చినట్టు వాంతులయ్యాయి. అప్పటి నుంచి నాకది శాసనం. శనివారం నాస్తా లేదు. నాస్తా లేదు కాబట్టి మాత్ర లేదు. మంగళవారమూ అంతే. నాస్తా లేని ఆ రోజుల్లో మీ బావగారు కూడా స్టూలు వేసుకునేవారు కాదు. కార్తీకంలో నెలంతా పగలు తినలేదు, నెలంతా మాత్ర లేదు. రాత్రి భోంచేశాక వేసుకోవచ్చునే అని నా బుర్రకు తట్టనే లేదు, చీటీ మీద నాస్తా అనే రాసుంది గనక.

నేను మానలేదు మణీ. ఒట్టు వేసి చెప్పగలను. మానడమంటే వేసుకోవలసిన రోజున వేసుకోకపోవడం. అవి వేసుకోవలసిన రోజులని నేను అనుకోలేదు. బడికి సెలవు రోజున పిల్లాడు రాకపోతే గైర్హాజరు వేస్తామా? అలాగే లెక్కేసుకున్నాను. ఇన్నేళ్ళ టీచరు బుద్ధి ఇలా నా మెడకే చుట్టుకుంది.

ఇందులో నాకు ఎక్కువ మండుతున్నదేమిటో తెలుసా? ఆ జన్యువు కనిపించకుండా పోయిందని సంతోషంతో మొక్కుకున్న మొక్కు ఇది. కృతజ్ఞత చెబుదామని వెళ్ళి, పోయినదాన్ని చేయి పట్టుకుని ఇంట్లోకి తెచ్చుకున్నాను.

మీ బావగారికి డబ్బా చూపించాను. చాలాసేపు చూసి, "ఏటిదే అహల్యా" అని మాత్రం అన్నారు. ఈ పొద్దున స్టూలు వేసుకోలేదు. దానికీ నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు చెప్పు. ప్రాణం కోసం మొక్కు వదిలేస్తే నా మొహం స్వామికి ఎలా చూపించను? వదలకపోతే చూపించడానికి ఈ మొహమే ఉండదు.

అహల్య


విజయనగరం
ఆగస్టు 21

అక్కా,

జవాబు రాయనని వచ్చిన ఉత్తరమూ, రాసిన ఉత్తరమూ ఒకే రోజు అందాయి. ముందు రెండోది చదివాను. మొదటిది పొయ్యిలో పడేశాను.

నువ్వు సెలవు ఇచ్చావు సరే. నీ రక్తంలో ఉన్నది సెలవు తీసుకోలేదు కదా. బడి మూసిన రోజున కూడా అది పని చేసుకుంటూ పోయింది.

మొక్కు గురించి అడిగావు. నేను శాస్త్రాలు చదివినదాన్ని కాను, టికెట్లు కొట్టినదాన్ని. మా కౌంటర్లో ప్రయాణం చేయలేనివాళ్ళ టికెట్టు రద్దు చేసేవాళ్ళం. ఎందుకు బయల్దేరలేదని వాళ్ళను ఎవరూ కొట్టలేదు. మామూలు గుమాస్తాలకే ఆ మాత్రం జాలి ఉన్నప్పుడు ఏడుకొండల మీద కూర్చున్నవాడికి ఉండదా? ఉండదని నువ్వు అనుకుంటే అది ఆయనకు అవమానం.

వెళ్ళి రక్తం ఇవ్వు. డాక్టరు తప్పయిందంటాడని కాచుకు కూర్చోకు. నువ్వే ముందు చెప్పేయి. చెప్పాక ఆయన్ని ఏం అడగాలో నీకు నేను నేర్పాలా?

నాకు భయంగా ఉంది అక్కా. ఇంతవరకు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మణి


భిలాయి, సెక్టర్ 4
సెప్టెంబర్ 2

మణీ,

శనివారం పొద్దున్నే లేచి ఇడ్లీ వేశాను. తిన్నాను. పెద్ద గ్లాసుడు నీళ్ళతో మాత్ర వేసుకున్నాను. నోరు తెరిచి మీ బావగారికి నేనే చూపించాను. ఆయన సిగ్గుపడి, "పోవే" అన్నారు. తర్వాత బాలాజీ గుడికి వెళ్ళాను.

పూజారి మామూలుగానే అడిగాడు, "ఉపవాసమా అమ్మా?" అని. చుట్టూ మన తెలుగువాళ్ళే ఉన్నారు. "లేదండీ, నాలుగు ఇడ్లీలు తిని వచ్చాను" అన్నాను, అందరికీ వినపడేలా. ఒకావిడ నోటి మీద చేయి వేసుకుంది. స్వామి మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. నేను ఆయన్నే చూస్తూ చెప్పాను, "నువ్వు ఇచ్చిన ప్రాణమే, దాన్ని కాపాడుకోవడానికి తిన్నాను. ఇది తప్పయితే చెప్పు" అని. ఏమీ అనలేదు. నేను అంగీకారం కిందే తీసుకున్నాను.

సోమవారం సుపేలాలో రక్తం ఇచ్చి, అక్కడి నుంచే రాయపూర్ వెళ్ళాం. డబ్బా కూడా పట్టుకెళ్ళాను. చంద్రాకర్ గారి బల్ల మీద బోర్లించాను. ఉన్నదంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "అమ్మాజీ, మైనే పూఛా థా నా" అని మొదలుపెట్టాడు, నేనడిగాను కదా అని. ఇక నేను ఆగలేదు.

"అడిగారు. దవాయీ ఛూటీ క్యా అని ప్రతిసారీ అడిగారు. ఉపవాస్ రఖ్తీ హో క్యా అని ఒక్కసారి అడిగారా? ఈ వరండాలో కూర్చున్న ఆడవాళ్ళలో ఉపవాసం లేనిదెవరు? మీ ఇంట్లో మీ అమ్మ ఉండదా? హైదరాబాద్ దాకా పంపి జన్యువును వెతికిస్తారు. ఎదురుగా కూర్చున్న మనిషి ఏ రోజున తింటుందో కనుక్కోరా?" అన్నాను. హిందీలోనే అన్నాను, చివర్లో కోపానికి తెలుగు వచ్చేసింది.

ఆయన బల్ల మీది మాత్రలన్నీ తిరిగి డబ్బాలోకి ఎత్తాడు. "తీజ్ పండక్కి మా అమ్మ నీళ్ళు కూడా ముట్టదు" అని హిందీలో ఒప్పుకున్నాడు. తప్పయిందని అనలేదు. కానీ లేచి తలుపు దాకా వచ్చి, నర్సును పిలిచి, ఈ మాత్ర వాడేవాళ్ళందరినీ ఉపవాసాల గురించి అడగమన్నాడు. నాకు ఆ మాటకన్నా ఇదే నచ్చింది.

నర్సు అడగకముందే నేను అడిగేశాను. పక్క బెంచీ మీద బిసాహిన్ బాయి అని పాటన్ వైపు పల్లె మనిషి ఉంది. నాకన్నా చిన్నది, ఇదే జబ్బు, ఇదే మాత్ర. "మొన్న తీజ్ కు మాత్ర వేసుకున్నావా?" అంటే నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "మోర్ తో తీజా కే ఉపాస్ రిహిస్ దాయీ, గోలీ కైసే ఖాతేవ్?" ఉపాసం ఉన్నదాన్ని గోలీ ఎలా మింగుతాననట. అచ్చం నా గొంతు విన్నట్టు ఉంది. ఆమె రిపోర్టు కూడా పెరుగుతోంది. నవరాత్రులు వస్తున్నాయి, తొమ్మిది రోజులూ ఉంటుందట.

మ్యుటేషన్ పరీక్ష ఫలితానికి మూడు వారాలైనా పడుతుందన్నారు. జన్యువు మారిపోయి ఉంటే నా ఇడ్లీలన్నీ వృథా. మారకపోతే ఈ పాత మాత్రే మళ్ళీ పట్టు బిగిస్తుంది. నీకు భయంగా ఉందన్నావు. నాకూ ఉంది. కానీ దాని ముందు తల వంచను, అంతే.

అక్క


భిలాయి, సెక్టర్ 4
సెప్టెంబర్ 28

మణీ,

మారలేదు!

జన్యువు ఎక్కడా రూపు మార్చుకోలేదు. మాత్రలో తప్పు లేదు, నా డబ్బాలోనే ఉంది తప్పంతా. ఇదే మందు, రోజూ, ఏ పండగా లేకుండా. మూడు నెలల మాటకు మళ్ళీ లెక్క చూస్తారు. అప్పటికి దిగితేనే గెలిచినట్టు.

ఈ మాట నిన్న రాయపూర్‌లో విన్నాను. నిన్న శనివారం, పైగా నవరాత్రులు. బిసాహిన్ వస్తుందని తెలుసు, మందు తీసుకునే రోజు. తెల్లవారుజామునే లేచి రెండు గిన్నెల క్యారియర్ సర్దాను. పై గిన్నెలో నాకు ఉప్మా. కింది గిన్నెలో సైంధవ లవణం వేసి సగ్గుబియ్యం కిచిడీ, ఇక్కడివాళ్ళు ఉపవాసంలో తినేదే. డాక్టరును ముందే అడిగాను. కడుపులో ఏదో ఒకటి పడితే చాలు, మాత్రకు సగ్గుబియ్యమని తెలియదు అన్నాడు.

మనిషి వాడిపోయి కూర్చుంది. ఆరు రోజులుగా పగలు ఏమీ తినలేదట, మాత్రా లేదట. గిన్నె ముందు పెట్టాను. తల అడ్డంగా ఊపింది. "మాతా గుస్సా హోహీ" అంది. అమ్మవారు కోప్పడుతుందని దాని భయం. నేను నా ఉప్మా తీసి, అంతమందిలో, శనివారం నాడు, చప్పరిస్తూ తిన్నాను. తిని చెప్పాను, "నీ ఉపవాసం నీదే, నేను చెడగొట్టను. ఇందులో ధాన్యం లేదు. తిను, మాత్ర వేసుకో. మాతా అడిగితే మోర్ నామ్ బతా దేబే, నా పేరు చెప్పెయ్. అహల్య టీచర్ తినిపించింది, సెక్టర్ 4, భిలాయి అని అడ్రసు కూడా చెప్పు."

ముందు నవ్వింది. తర్వాత తింది. కొంగు ముడి విప్పి మాత్ర తీసింది. మీ బావగారు పరుగెత్తుకెళ్ళి నీళ్ళు తెచ్చారు.

అక్క


విజయనగరం
నవంబర్ 19

అక్కా,

ఈ ఉత్తరం శ్రీవిద్య నా చేత బలవంతంగా రాయిస్తున్నది. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నీకు స్టూలు, నాకు కుర్చీ.

నా నుదుటి మీద కుట్లు పడ్డాయి. కంగారు పడకు, మానిపోతున్నాయి. పోయిన శనివారం వంటింట్లో కళ్ళు తిరిగి గట్టుకు తగిలాను. డాక్టరు చక్కెర పడిపోయిందన్నాడు. ఎందుకు పడిపోయిందో నేను చెప్పలేదు. శ్రీవిద్యే కూపీ లాగింది.

నువ్వు శనివారాలు వదిలేశావు కదా. అవి ఊరికే పోవడం నాకు ఇష్టం లేకపోయింది. స్వామికి బాకీ ఉండకూడదని, నీ పరీక్ష అయ్యేదాకా నీ శనివారాలు నేను పట్టాను. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు. నన్ను వెర్రిదాన్ని అనుకోకు, నీ తప్పు నేను చేయలేదు. నీలా మాత్ర మానలేదు. షుగరు మాత్ర ప్రతి శనివారం ఠంచనుగా వేసుకున్నాను. తిండే తినలేదు.

ఇది రాస్తుంటే శ్రీవిద్య తల బాదుకుంటోంది. "మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒక బుర్ర ఇచ్చినా బాగుండేది" అంటోంది.

మాననంటావా అని అడుగుతోంది. నీ రిపోర్టు రానీ, చెబుతాను అన్నాను. నాకున్నది ఒక్క అక్క. ఆ లెక్క దిగిందని వినేదాకా శనివారం నాకు ముద్ద దిగదు. నువ్వు ఎంత తిట్టినా సరే.

మణి


భిలాయి, సెక్టర్ 4
డిసెంబర్ 4

మణీ,

లెక్క దిగింది.

ముందు అది చదువుకో, తర్వాత తిట్లు. మళ్ళీ గీత లోపలికి వచ్చేసింది. ఇంకా పూర్తిగా కనిపించకుండా పోలేదు, పోతుంది. చంద్రాకర్ గారు ఈసారి ముందు నా మొహం చూశాడు, తర్వాతే కాగితం చూశాడు. "అమ్మాజీ, కార్తీక్ మే నాస్తా కియా?" అని అడిగాడు. ప్రతి రోజూ చేశానన్నాను. సచ్ బోలియే అనలేదు. బిసాహిన్ లెక్క ఇంకా తేలలేదు, కానీ మాత్ర ఒక్క రోజూ వదలడం లేదట. తన పల్లెలో ఎవరు ఏం మందు వేసుకుంటున్నా పట్టుకుని, ఉపాస్ రోజున వేసుకున్నావా అని నిలదీస్తోందట. అది నా పోలికే.

మీ బావగారు రిపోర్టు చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "పగులు కాదే, పైన మరకే" అన్నారు. కళ్ళజోడు తుడుచుకోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం చదివి నాకు వచ్చిన కోపానికి ఈ కాగితం చాలదు. నా ప్రాణం నిలబెట్టుకోవడానికి నేను అందరి ముందూ ఇడ్లీ తిని, గుడిలో మాట పడి, డాక్టరుతో తగాదాపడితే, నువ్వు అక్కడ చాటుగా నా ఉపవాసం మోస్తూ గట్టుకు తల కొట్టుకుంటావా? నేను బతికి నువ్వు పోతే నాకు ఉత్తరాలు ఎవరు రాస్తారు? నాకు మాత్రం ఎంతమంది చెల్లెళ్ళున్నారు?

నీ కోసం ఏడ్చాను, చాలాసేపు. ఇప్పుడు అయిపోయింది. ఇక విను, ఇది అక్కగా చెబుతున్నది, ఎదురు చెప్పడానికి లేదు. నా శనివారాలు నాకు తిరిగి ఇచ్చేయి. అవి నావి, ఏం చేసుకోవాలో నాకు తెలుసు. ఈ ఉత్తరం చేరడానికి వారమైనా పడుతుంది కనుక, పదమూడో తేదీ శనివారం పొద్దున ఏడు గంటలకు నేను ఇక్కడ ఇడ్లీ ముందు కూర్చుంటాను. అదే వేళకు నువ్వు అక్కడ కంచం ముందు కూర్చో. శ్రీవిద్యను ఎదురుగా కూర్చోబెట్టుకో, నువ్వు తినగానే మీ బావగారికి ఫోన్ చేయమను. నువ్వు మొదటి ముద్ద తినేదాకా నేను ముట్టను, ముట్టకపోతే మాత్ర వేసుకోను. నా ప్రాణం ఇప్పుడు నీ కంచంలో ఉంది.

తినేముందు ఆ దేవుడి పటం వైపు ఓసారి చూడు. చూసి తిను. ఆయన అడిగితే అక్క తినమంది అని చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను.

అహల్య